నలభై ఆరేళ్లకు వచ్చిన సంబంధం

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. నాన్న పోయాక తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి నేనే చూసుకున్నాను. నా పెళ్లి అలాగే వెనకబడిపోయింది. సత్యనారాయణపురంలో నేను కొనుక్కున్న ఫ్లాట్‌లో అమ్మతో ఉంటున్నాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆయనకు 53 ఏళ్లు, భార్య పోయారు. ఇంజినీరింగ్ చదివే కూతురు, పెద్దావిడ తల్లి ఉన్నారు. ఆయన మాటతీరు నచ్చింది. కానీ నేను ఉద్యోగం మానేస్తే ఇల్లు కుదుటపడుతుందని అన్నారు. ‘రేపు మంచాన పడితే గుక్కెడు నీళ్లిచ్చేదెవరు?’ అని తమ్ముడు ఒత్తిడి చేస్తున్నాడు. ఇన్నేళ్లు ఒక్కదాన్నే ఉండి ఇప్పుడు సర్దుకోగలనా?
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: ఆయన మాటతీరు నచ్చిందని ఒక్క ముక్క రాశారు. మిగతా ఉత్తరంలో ఎక్కువగా కనిపించింది భయమే. అది కూడా సగం మీ తమ్ముడిది. ముందు ఆ భయాన్ని పక్కకు తీసి చూద్దాం.

ఆయన మీకన్నా ఏడేళ్లు పెద్ద. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. మంచాన పడ్డవారికి నీళ్లివ్వడమే లెక్కయితే, ఆ గ్లాసు ముందు పట్టుకోవాల్సింది మీరే కావచ్చు. ముసలితనానికి ఏర్పాటు వేరే చేసుకోవాలి. ఆరోగ్య బీమా, నెలనెలా వచ్చే ఆదాయం, కబురు పెడితే పరుగెత్తుకొచ్చే ఇద్దరు ముగ్గురు మనుషులు మీకు పెళ్లయినా అవసరమే, కాకపోయినా అవసరమే. ఇక మీ అమ్మగారి సంగతి. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కొడుకు మీదా కూతురు మీదా ఒకే బాధ్యత పెట్టింది. మీ తమ్ముడికి ఈ మాట గుర్తుచేయడంలో తప్పు లేదు.

ఆ భయం తీసేశాక కూడా ఆయన కావాలనిపిస్తోందా? బ్యాంకు నుంచి ఇంటికి వచ్చాక ఆ రోజు జరిగింది ఆయనకు చెప్పాలనిపిస్తోందా? అనిపిస్తే ముందుకు వెళ్లండి. ఈ వయసులో పెళ్లేమిటని నొసలు చిట్లించేవాళ్లను లెక్కచేయకండి. అనిపించకపోతే వద్దని చెప్పండి, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఒక కుటుంబాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషి మీరు. మీ జీవితంలో ఏదో లోటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఉద్యోగం మాత్రం మానకండి. ఈ విషయంలో మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వచ్చి పనిచేసుకుని వెళ్లేవాళ్లు ఎంతమంది లేరు? బదిలీ కూడా అడగవచ్చు. భార్య పోయి ఇల్లు చెదిరిన మనిషి ఆలోచించకుండా ఆ మాట అని ఉండవచ్చు, అందుకే ఆయనను వెంటనే తప్పుపట్టను. ‘నేను ఉద్యోగం మాననంటే ఈ పెళ్లి మీకు ఇష్టమేనా?’ అని నేరుగా అడగండి. ఆయనకు కావలసింది మీరా, వంటింటికి ఒక మనిషా అన్నది ఆ జవాబులో తేలిపోతుంది. మీ అమ్మగారు ఎక్కడ ఉంటారన్నదీ అప్పుడే తేల్చుకోండి. పెళ్లయ్యాక చూద్దామంటే ఒప్పుకోవద్దు.

సర్దుకోగలనా అని మిమ్మల్ని మీరే అడుగుకుంటున్నారు. ఆయన సర్దుకుంటారా అని కూడా అడగాలి కదా! ఆ అమ్మాయిని ఒకసారి విడిగా కలవండి. తల్లి స్థానం కోసం ప్రయత్నించకండి. ఆంటీ అంటుందో, పిన్ని అంటుందో ఆమె ఇష్టం.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి. దాంపత్య సుఖం మీద మీకున్న కోరికలు, బెరుకులు ఆయనతో దాచుకోకుండా మాట్లాడండి. నెలసరి వస్తున్నంతకాలం గర్భం వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి స్త్రీల వైద్యురాలిని ముందే కలవడం మంచిది.

ఫ్లాటు విషయం చాలామంది ఆడవాళ్లకు తెలియదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని వివాహిత వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆమె సొంత సంపాదన భర్తకు వెళ్తుంది. భర్త లేకపోతే ఆయన వారసులకు చెందుతుంది. ఆమెను కన్న తల్లి వంతు ఆ తర్వాతే. కాబట్టి పెళ్లి చేసుకుంటే వీలునామా తప్పనిసరిగా రాయండి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్టర్ చేయిస్తే రేపు తగాదాలు తగ్గుతాయి. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి, దాచిపెట్టి చేయకండి.

అవునన్నా కాదన్నా, ఆ మాట మీ అమ్మగారికి మీరే ముందు చెప్పండి. తమ్ముడి ద్వారా తెలియనివ్వకండి.