వలలో పడ్డ తాబేలు, జప్తయిన పడవ

ప్రశ్న: బాపట్ల దగ్గర తీరంలో మా బావకి ఫైబర్ పడవ ఉంది. ఫిబ్రవరిలో అతని వలకి సముద్ర తాబేలు చిక్కి చచ్చింది. కావాలని పట్టింది కాదు. పారేయడం ఎందుకని ఒడ్డుకి తెచ్చి మాంసం నలుగురికీ పంచాడు. అటవీ శాఖవాళ్లు మాంసం, వల, పడవ పట్టుకుపోయారు. జరిమానా కట్టేస్తే కేసు పోతుందా? పడవ తిరిగి వస్తుందా?

జవాబు: కేసు జరిమానాతో పోదు. పడవకి మాత్రం దారి ఉంది.

మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ. సెక్షన్ 51 కింద శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఇలా కనీస జైలుశిక్ష ఉన్న నేరాన్ని డబ్బు కట్టి రాజీ చేసుకోవడం సెక్షన్ 54 ప్రకారం కుదరదు. "కొంత ఇస్తే ఇక్కడే తేలిపోతుంది" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

తాబేలు దానంతటది వలలో పడటాన్ని వేట అని నిరూపించడం ప్రాసిక్యూషన్‌కి కష్టమే. మీ బావ చిక్కుకున్నది ఆ తర్వాత చేసిన పనిలో. సెక్షన్ 39 ప్రకారం ఆ జంతువూ దాని మాంసమూ ప్రభుత్వ ఆస్తి. ఏ విధంగా చేతికొచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపాలి. అతను తెలపకపోగా కోసి పంచాడు. పైగా మాంసం తన దగ్గర దొరికితే, అది అక్రమం కాదని నిరూపించుకునే భారం సెక్షన్ 57 కింద అతనిదే.

ఇక పడవ. సెక్షన్ 39(1)(డి) చూపించి "ఇది ఇప్పుడు సర్కారుదే" అంటారు. నేరం జరిగిందని కోర్టు తేల్చకముందే అలా అనడానికి లేదు. మధుకర్ రావు కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇదే. కాబట్టి మేజిస్ట్రేట్ కోర్టులో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 497 కింద (పాత సీఆర్‌పీసీలో 451) తాత్కాలిక విడుదలకి పిటిషన్ వేయండి. రిజిస్ట్రేషన్, చేపల వేట లైసెన్సు, ఫొటోలు జతచేయండి. పూచీకత్తు, అమ్మబోనని హామీ అడుగుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గనక ఈలోపే వేయడం మేలు. నిషేధం మొదలయ్యాక "తొందరేముంది" అనే వాదన వస్తుంది.

ఒక హెచ్చరిక: అటవీ శాఖలో అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయి అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. అక్కడ సంతకం పెట్టే ముందు లాయర్‌ని కలవమనండి.

మిగతా పడవలవాళ్లకి కూడా చెప్పండి. వలలో కదలకుండా ఉన్న తాబేలు చచ్చినట్టే అనుకోకూడదు, మునకతో స్పృహ తప్పి ఉండొచ్చు. వెల్లకిలా తిప్పకుండా బోర్లానే ఉంచి, వెనక భాగాన్ని జానెడు ఎత్తు లేపి, నీడలో తడిగుడ్డ కప్పి కనీసం 4 గంటలు చూడాలి. కదలిక వస్తే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, వల లేనివైపు మెల్లగా నీళ్లలోకి దించాలి. చచ్చిందని తేలితే కోయొద్దు, ఇంటికి తేవొద్దు. ఎక్కడ, ఎప్పుడు చిక్కిందో రాసుకుని అటవీ శాఖకి చెప్పండి. ఇసుకలో పాతిపెట్టడమూ అనుమతి లేకుండా చేయకూడదు. గుడ్ల గూడు తవ్వడం, కదిలించడం చట్టం నిర్వచనం ప్రకారం నేరుగా వేటే.