గాలి బూట్లు కొనేముందు

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

హైదరాబాద్ మారథాన్ అయిన మూడో రోజు కూడా మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నావని మీ అమ్మ చెప్పి ఒకటే నవ్వు. కంప్రెషన్ బూట్లు కొంటానంటున్నావట. కొను, వద్దనను. కానీ అవేం చేస్తాయో, ఏం చేయవో తెలుసుకుని కొను.

బూట్లంటారు గానీ అవి పాదం నుంచి తొడ దాకా వచ్చే పొడుగు సంచులు. మోటారు ముందు పాదం దగ్గర గాలి నింపుతుంది, తర్వాత పిక్క, మోకాలు, తొడ. బీపీ పట్టీ చేతికి బిగుసుకున్నట్టే ఉంటుంది. ఆపరేషనై మంచం మీదున్నవాళ్లకు కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పెట్టే యంత్రానికి ఇది తమ్ముడు.

వేసుకుంటే కాళ్లు తేలికపడతాయి, నొప్పి కొంచెం తగ్గుతుంది. కండరాల బలం తొందరగా తిరిగొస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ‘లాక్టిక్ యాసిడ్‌ని పిండేస్తుంది’ అని షాపువాడు చెబితే తలూపి ఊరుకో. పరుగెత్తేటప్పుడు కండరాల్లో తయారయ్యే ఆ యాసిడ్ పరుగు ఆపిన గంట, రెండు గంటల్లో దానంతటదే పోతుంది. నీ నొప్పి ఫ్లైఓవర్లు దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోసినందుకు వచ్చింది. దానికి నిద్రే అసలు మందు.

మొదటిసారి నేను ఎక్కువ బిగిస్తే ఎక్కువ పని చేస్తుందనుకుని గాలి ఒత్తిడి 100కి (బీపీ కొలిచే mmHg లెక్కలోనే) పెట్టి, మ్యాచ్ చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాల్లో వేళ్లు తిమ్మిరెక్కాయి. తీసి చూస్తే సాక్సు మడత చర్మం మీద తాడు కట్టినట్టు అచ్చుపడి ఉంది. నువ్వు తక్కువతో మొదలుపెట్టు. నేనిప్పుడు 60 దాటను, అదీ 20 నిమిషాలే. తిమ్మిరిగానీ నొప్పిగానీ వస్తే వెంటనే ఆపెయ్.

ఒక్క సంగతి బాగా గుర్తుంచుకో. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాక ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే ఈ బూట్లు వేసుకోకు. అది అలసట కాకపోవచ్చు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు. మా అన్నయ్య అడిగినా ఇవ్వకు. షుగర్‌తో ఆయన పాదాలు మొద్దుబారాయి, ఎంత బిగిసినా తెలియదు. డాక్టర్ సరేనంటే అప్పుడు చూద్దాం.

ముందు మా ఇంటికొచ్చి నావి పట్టుకెళ్లి రెండు వారాలు వాడి చూడు. అటక మీదున్నాయి. ఎడమ బూటు జిప్పు పిక్క దగ్గర పట్టేస్తుంది, గట్టిగా లాగకు.

మీ బాబాయి