టీవీ పెట్టెలోని కోడీకి ఇంట్లో కంప్యూటర్లు కనబడకపోతే

జగిత్యాల నుంచి అడిగిన మిత్రుల సమస్య క్లుప్తంగా ఇది. హాల్లో టీవీకి ఒక ఆండ్రాయిడ్ పెట్టె తగిలించి ఉంది, అందులో కోడీ అనే వీడియో ప్లేయర్ 18వ వెర్షన్ నడుస్తోంది. ఇంట్లో విండోస్ 11 ల్యాప్‌టాప్ ఒకటి, విండోస్ 10 డెస్క్‌టాప్ ఒకటి ఉన్నాయి. రెండింటిలోనూ వీడియోల ఫోల్డర్లు షేర్ చేశారు, ఒకదాని ఫోల్డర్ మరొకదానిలో చక్కగా తెరుచుకుంటోంది. అయినా కోడీలో ‘విండోస్ నెట్‌వర్క్’ అన్న వరుసను నొక్కితే ఖాళీ తెర తప్ప ఏమీ రావడం లేదు. షేరింగ్ మూడుసార్లు తీసి పెట్టానని, చివరికి పెట్టెను ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశానని రాశారు.

రీసెట్ చేయవలసిన అవసరం లేదు. హన్మకొండలోని మా ఇంట్లో ఇదే సమస్య మూడు వేర్వేరు కారణాలతో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నేను చేసిన మొదటి పొరపాటు ఒక్కటే: కంప్యూటర్ కనబడకపోవడాన్ని, అందకపోవడాన్ని ఒకటే అనుకోవడం. జాబితాలో పేరు రాకపోయినా నేరుగా చిరునామా ఇస్తే తలుపు తీసే కంప్యూటర్లు చాలా ఉంటాయి. కాబట్టి ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే ఈ పరీక్ష చేయండి. డెస్క్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఐపీవీ4 అడ్రస్ అన్న చోట ఉన్న అంకెలను కాగితం మీద రాసుకోండి. తర్వాత కోడీలో వీడియోస్, ఫైల్స్, యాడ్ వీడియోస్, బ్రౌజ్ మీదుగా వెళ్లి, అన్నిటికన్నా కింద ఉండే ‘యాడ్ నెట్‌వర్క్ లొకేషన్’ నొక్కండి. ప్రొటోకాల్‌గా ఎస్ఎంబీని (విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి) ఎంచుకొని, సర్వర్ పేరు అడిగిన చోట కంప్యూటర్ పేరుకు బదులు ఆ అంకెలే ఇచ్చి, షేర్ చేసిన ఫోల్డర్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ నింపండి.

మీ విషయంలో ఇది పనిచేస్తుందనే నా నమ్మకం. కోడీ 18కి ఎస్ఎంబీ 2, 3 వెర్షన్లలో మాట్లాడడం తెలుసు, కానీ ఇంట్లో ఏయే కంప్యూటర్లు ఉన్నాయో కనుక్కోవడానికి మాత్రం అది పాత ఎస్ఎంబీ 1 కాలపు పద్ధతినే నమ్ముకుంటుంది. ఆ పద్ధతిలో ఇంట్లోని కంప్యూటర్లలో ఒకటి పటేల్‌గిరీ తీసుకొని అందరి పేర్లూ రాసిపెట్టుకునేది, అడిగినవాళ్లకు ఆ చిట్టా చూపించేది. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ఎస్ఎంబీ 1లోని లోపాన్ని పట్టుకొని ప్రపంచమంతా పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చినా, వేసుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 నవీకరణ, అంటే 1709, నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో ఎస్ఎంబీ 1 సర్వర్ ఉండడం లేదు. దానితో పాటే చిట్టా రాసే పటేలూ పోయాడు. ఇప్పటి విండోస్ కంప్యూటర్లు ఒకదాన్నొకటి డబ్ల్యూఎస్ డిస్కవరీ అనే వేరే పద్ధతిలో పలకరించుకుంటాయి, అందుకే మీ ల్యాప్‌టాప్‌కు డెస్క్‌టాప్ కనబడుతోంది. కోడీకి ఆ పద్ధతి 2021లో వచ్చిన 19వ వెర్షన్‌తో గానీ రాలేదు. మీ పెట్టె ఒప్పుకుంటే కోడీని పైవెర్షన్‌కు మార్చుకోండి, లేకపోతే పైన చెప్పినట్టు అంకెలతో చేర్చుకుంటే చాలు. ఒకసారి చేర్చిన ఫోల్డర్ ఆ తర్వాత వెతకనవసరం లేకుండా అక్కడే ఉంటుంది.

నాకు ఈ సంగతి తెలియక 2018 ఎండాకాలంలో చేసిన పని మీరు చేయకూడదని చెబుతున్నాను. పాత హార్డ్ డిస్క్ పాడైతే కొత్తది వేయించి విండోస్ 10 మొదటి నుంచి ఎక్కించాను. ఆ సాయంత్రం మా బాపు టీవీ ముందు కూర్చొని, ‘‘ఏందిరా, నీ కోడి ఇయ్యాల కూస్తలేదు?’’ అన్నారు. ఆ ప్లేయర్ పేరు ఆయనకు మొదటి నుంచీ కోడిగానే వినబడింది. చెల్లె పెళ్లి క్యాసెట్లను ఫైళ్లుగా మార్పించి అందులో పెట్టాను, ఆయన వారానికోసారైనా చూస్తారు. నేను ఎవరో చెప్పిన చిట్కా చదివి, ‘విండోస్ ఫీచర్స్’ తెరిచి ఎస్ఎంబీ 1 పక్కన టిక్ పెట్టాను. వెంటనే కంప్యూటర్ కనబడింది, నేనూ సంబరపడ్డాను. అప్పుడు నా పెట్టెలో ఉన్నది కోడీ 17, ఆండ్రాయిడ్‌లో దానికి ఎస్ఎంబీ 1 తప్ప వేరే భాష రాదు కాబట్టి అప్పటికి నాకు వేరే దారి తక్కువే. 2019లో 18 రాగానే ఆ టిక్ తీసేశాను. మీ దగ్గర 18 ఉన్నప్పుడు, కేవలం జాబితాలో పేరు చూసుకోవడం కోసం, బ్యాంకు పనులు కూడా చేసుకునే కంప్యూటర్‌లో ఆ పాత తలుపు తెరవడం నాకు సమ్మతం కాదు.

ఇక అంకెలు ఇచ్చినా అందకపోతే అది వేరే కథ, నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది అదే. 2020లో పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం కంప్యూటర్‌ను పై అంతస్తుకు మార్చాం. హాల్లోని ఫైబర్ పెట్టె వైఫై స్లాబు దాటి పైకి సరిగా రాలేదు. రెండో రౌటర్ ఒకటి కొని, కింది పెట్టె నుంచి కేబుల్ లాగి దాని వ్యాన్ (ఇంటర్నెట్ లోపలికి వచ్చే) రంధ్రంలో పెట్టాను. ఇంటర్నెట్ పైనా కిందా బ్రహ్మాండంగా వచ్చింది, టీవీకి మాత్రం కంప్యూటర్ మాయమైంది. ఫైర్‌వాల్ ఆపి చూశాను, యాంటీవైరస్ తీసేశాను, ఫలితం లేదు. నన్ను మరింత తికమకపెట్టిన విషయం ఏమిటంటే, పైనున్న కంప్యూటర్ నుంచి కింది టీవీ పెట్టెకు పింగ్ (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే పిలుపు) వెళ్తోంది, కింది నుంచి పైకి మాత్రం ఏదీ అందడం లేదు. చివరికి రెండింటి చిరునామాలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసినప్పుడు గానీ వెలగలేదు. టీవీది 192.168.1.6, కంప్యూటర్‌ది 192.168.0.101. చుక్కల మధ్య ఉన్న సంఖ్యల్లో మూడోది వేరు.

మన ఇళ్లలోని రౌటర్లలో చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయితేనే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు లెక్క. కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కోవడం ఊళ్లో డప్పు చాటింపు లాంటిది, అది పొలిమేర దాటదు. రెండో రౌటర్ తన వ్యాన్ రంధ్రం దగ్గర కొత్త పొలిమేర గీస్తుంది. లోపలివాళ్లు బయటికి పోవచ్చు, బయటివాళ్లు లోపలికి రాలేరు. అందుకే పింగ్ ఒక దిక్కుకే పోయింది. దీనికి మందు రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కొత్త పొలిమేర గీయకుండా వైఫై మాత్రమే పంచేలా, మార్చడం. కొన్ని రౌటర్లలో ఆ పేరుతోనే ఒక మోడ్ ఉంటుంది. నాదానిలో లేదు కాబట్టి ముందుగా దాని సొంత చిరునామాను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీని (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ రంధ్రం నుంచి తీసి పక్కనున్న మామూలు ల్యాన్ రంధ్రంలో పెట్టాను. ఇదే వరుసలో చేయండి. ముందే కేబుల్ మారిస్తే ఇంట్లో చిరునామాలు పంచేవాళ్లు ఇద్దరవుతారు, ఎవరికి ఏది దొరుకుతుందో చెప్పలేం. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేశాక దానికి 192.168.1.9 వచ్చింది, టీవీలో ఫోల్డర్ తెరుచుకుంది.

మీ ఇంట్లో రౌటర్ ఒకటే అయినా, టీవీ పెట్టె ‘గెస్ట్’ అన్న వైఫై పేరుకు తగిలి ఉందేమో చూడండి. అతిథుల ఫోన్లు ఇంటి కంప్యూటర్లను ముట్టుకోకుండా ఉండడానికే ఆ వైఫై ఉంటుంది, అది మీ టీవీని కూడా అతిథిగానే చూస్తుంది. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగ్ మామూలు వైఫైలో కూడా పరికరాలను విడదీస్తుంది.

అంకెలు ఒకే వరుసలో ఉండి కూడా అందకపోతే విండోస్ వైపు చూడాలి. కొత్త వైఫైకి కలిపినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా రాసుకుంటుంది, అంటే బస్టాండులో కూర్చున్నట్టు అన్ని తలుపులూ వేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ పేరు మీద నొక్కి దాన్ని ప్రైవేట్‌కు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయని చూడండి. మార్చిన డిస్కవరీ మళ్లీ దానంతటదే ఆఫ్ అవుతుంటే, సర్వీసెస్ జాబితాలో ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ను ఆటోమేటిక్‌కు మార్చండి. కొన్ని యాంటీవైరస్‌లకు సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, అందులో కూడా ఇంటి నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా చెప్పాలి. ఫైళ్లకు కావలసింది టీసీపీ 445వ పోర్టు, అంటే ఫైర్‌వాల్‌లో ఆ నంబరు తలుపు తెరిచి ఉండాలి. పింగ్ రాలేదు కాబట్టి దారి మూసి ఉందని మాత్రం తీర్మానించకండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపి ఫైళ్లను వదిలే సందర్భాలు కూడా ఉంటాయి.

మూడో తరహా ఇబ్బంది పాస్‌వర్డ్ దగ్గర వస్తుంది. కంప్యూటర్ అందుతుంది, పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, ఏది ఇచ్చినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటుంది. నేను రెండు రోజుల పాటు ల్యాప్‌టాప్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇస్తూ కూర్చున్నాను. ఆ పిన్ ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీదుగా పనిచేయదు. మైక్రోసాఫ్ట్ ఖాతా అసలు పాస్‌వర్డ్ ఇస్తే పని జరగవచ్చు గానీ, ఈమెయిల్ తెరిచే తాళంచెవిని టీవీ పెట్టెలో దాచడం నాకు నచ్చలేదు. అందుకని విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా ఒక స్థానిక యూజర్‌ను తయారుచేసి, దానికి ఇంగ్లీషులో టీవీ అని పేరు పెట్టి, చిన్న పాస్‌వర్డ్ ఇచ్చాను. పాస్‌వర్డ్ ఖాళీగా వదలకండి, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు. తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోని పర్మిషన్స్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ, రెండు చోట్లా ఆ యూజర్‌కు చదివే హక్కు ఇవ్వాలి. ఒకచోట ఇచ్చి రెండోచోట మరిచిపోతే ఫోల్డర్ పేరు వస్తుంది, లోపల ఏమీ తెరుచుకోదు.

పాస్‌వర్డ్ గొడవ లేకుండా అందరికీ తెరిచి పెట్టమనే సలహా మీకు తప్పక వస్తుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్‌లో ప్రతి ఎస్ఎంబీ సంభాషణకూ సంతకం (మాటలను మధ్యలో ఎవరూ మార్చలేదని చూపే గుర్తు) తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేని అతిథికి సంతకం పెట్టడానికి తాళంచెవి ఉండదు కాబట్టి ఆ పాత దారి అక్కడ నడవదు. మీ ల్యాప్‌టాప్‌లో ఆ వెర్షన్ ఉంటే అసలు ప్రయత్నించకండి.

అంతా కుదిరాక ఒక చిన్న పని మిగులుతుంది. మా వీధిలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ కొత్తగా చిరునామాలు పంచేది. 9 ఉన్న కంప్యూటర్ 12 అయ్యేది, కోడీ మాత్రం పాత ఇంటి తలుపే కొడుతుండేది. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్న చోట కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (దాని నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి దానికి ఒక అంకెను కట్టేస్తే ఆ బాధ తీరుతుంది. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలిపితే ఇంకా మంచిది.

ముందుగా టీవీ పెట్టె చిరునామా, డెస్క్‌టాప్ చిరునామా పక్కపక్కన రాసి ఇక్కడ పెట్టండి. అంకెలతో ప్రయత్నించినప్పుడు తెర మీద ఏ మాటలు వచ్చాయో కూడా ఉన్నదున్నట్టు రాయండి. టైమ్‌డ్ అవుట్ అంటే దారి దొరకలేదని, నాట్ పర్మిటెడ్ అంటే గడప దాకా వెళ్లి ఆగిందని. అలాగే డెస్క్‌టాప్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్‌కు మార్చారో లేదో చూసుకోండి. నేను కరెంటు బిల్లు చూసి అది మార్చలేదు. అందువల్ల మా ఇంట్లో ఇప్పటికీ రాత్రి ఎనిమిది గంటలకు మెట్ల కింద నుంచి, ‘‘కోడిని లేపురా’’ అని ఒక కేక వినబడుతుంది, నేను లేచి మౌస్ కదిలిస్తాను.