ఒకే బోనులో ఆరు ఎలుకలు: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: ఫార్మసీలో పీజీ చేస్తున్నాను. మా కాలేజీ యానిమల్ హౌస్‌లో 40 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పున్న బోనుల్లో ఆరేసి ఎలుకల్ని ఉంచుతున్నారు. అడిగితే ‘ఎప్పట్నుంచో ఇంతే’ అంటున్నారు. దీనికి చట్టంలో లెక్క ఏమైనా ఉందా? ఫిర్యాదు చేయొచ్చా?

జవాబు: లెక్క ఉంది, కానీ అది ఎలుక బరువును బట్టి మారుతుంది. జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ (సీసీఎస్‌ఈఏ, పాత పేరు సీపీసీఎస్‌ఈఏ) మార్గదర్శకాల ప్రకారం 200 గ్రాముల వరకు ఒక్కో ఎలుకకు సుమారు 148 చదరపు సెంటీమీటర్ల నేల కావాలి. 300 గ్రాముల వరకు 187, 400 గ్రాముల వరకు 258. మీ బోను నేల 1,000 చదరపు సెంటీమీటర్లు. అంటే 200 గ్రాములు దాటనంతవరకు ఆరు ఉన్నా తప్పు పట్టలేం. దాటితే ఐదు, 300 దాటితే మూడే! చిన్నప్పుడు సర్దిన లెక్కే చివరిదాకా కొనసాగితే చిక్కు. అందుకే ముందు బరువులు నమోదు చేసిన రిజిస్టర్ చూడండి.

ఇక చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11, కదలడానికి చాలని బోనులో జంతువును ఉంచడం నేరమంటుంది. తొలిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. దానికోసం కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. పైగా సెక్షన్ 14 ప్రయోగాలకు మినహాయింపు ఇస్తుంది కాబట్టి, కాలేజీ వకీలు ముందు దాన్నే చూపిస్తాడు. ఇరుకు బోను ప్రయోగంలో భాగం కాదన్నది నా అభిప్రాయం. ప్రయోగానికి ముందు, తర్వాత కూడా జంతువుల్ని సరిగా చూసుకోవాలని సెక్షన్ 17 చెబుతోంది కదా.

అసలు బలం సెక్షన్ 19లో ఉంది. నిబంధనలు పాటించడం లేదని తేలితే, సంస్థ వాదన విన్నాక, కేంద్ర కమిటీ అక్కడ ప్రయోగాల్నే ఆపించగలదు. కాలేజీకి టెన్షన్ పుట్టేది దీనితోనే.

కాబట్టి మొదట మీ కాలేజీ జంతు నైతిక కమిటీకి (జంతు ప్రయోగాలను పరిశీలించే కమిటీ) ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీలు, బోను కొలతలు, బరువులు ఉంటే చాలు, ఆవేశం అక్కర్లేదు. ఆ నైతిక కమిటీలో కేంద్ర కమిటీ నామినీ ఒకరు ఉంటారు, వారికీ ఒక కాపీ పంపండి. కదలిక లేకపోతే నేరుగా కేంద్ర కమిటీకి రాయండి. వీడియో తీసి వైరల్ చేయడం, ఎలుకల్ని బయట వదిలేయడం మాత్రం వద్దు. అప్పుడు కేసు మీ మీదికే తిరగొచ్చు. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్లు సంతకం తీసుకోండి.