చిన్నతాత స్మారకశిలపై ఏం రాయించాలి?

సందేహం: మాది గజపతి జిల్లాలో కాశీనగరం దగ్గర పల్లె. 1971 యుద్ధంలో చనిపోయిన మా చిన్నతాత పేరిట ఊళ్లో రాయి పెడుతున్నాం. ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు. తెలుగు ఇలా రాశాం: ‘అమరజవాన్ కీ.శే. సిపాయి ఫలానా గారు 1971 యుద్దంలో పోరాడుతూ అశువులు బాసెను. వారి స్మారక స్థూపం.’ సరేనా? ఒడియాలో ‘షహీద్’ అని ఉంది, తెలుగులోనూ అదే ఉండాలా? ఏటా చేసేది వర్ధంతి అనవచ్చా?

సమాధానం: ముందు తప్పులు. ‘యుద్ధం’లో ద కింద ధ వత్తు. ప్రాణాలు ‘అసువులు’, మామూలు స. అశ్రువులతో కలగాపులగమై చాలామంది శ రాస్తారు. ‘స్తూపం’లో త వత్తే, ‘స్వర్గస్థులు’లో థ వత్తు. చిత్రంగా జనం ఈ రెండిటినీ సరిగ్గా తారుమారు చేస్తారు! అయినా మీరు పెడుతున్నది పలక అయితే స్తూపం మాటే వద్దు, ‘స్మారకశిల’ చాలు. అస్థికలు అక్కడ లేవు కనుక ‘సమాధి’ అనీ రాయించకండి.

‘గారు’ అన్నాక ‘బాసెను’ కుదరదు. గ్రాంథికమైతే ‘బాసిరి’, వాడుకలో ‘బాసారు’. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కనే ఉండి రాతి మీద గ్రాంథికం ఎందుకు? ‘ప్రాణాలర్పించారు’ అనండి, పిల్లలక్కూడా అర్థమవుతుంది.

అమరజవాన్, కీ.శే., సిపాయి మూడూ ఒకే పేరుకు ముందు బరువు. సిపాయి ఆయన హోదా, అది పేరును అంటిపెట్టుకుని ఉండాలి. ‘అమరుడు’ అన్నాక ‘కీర్తిశేషులు’ అక్కర్లేదు. ‘పోరాడుతూ’ అనే ముందు ఇంట్లో ఉన్న సైన్యం కాగితం చూడండి. గాయపడి తర్వాత ఆసుపత్రిలో పోయి ఉంటే ‘యుద్ధంలో గాయపడి’ అనాలి. గాయపడిన తేదీ, పోయిన తేదీ వేరువేరుగా ఉంటాయి, రాయి మీదికి రెండోది వెళ్తుంది.

నా ఓటు దీనికి: ‘సిపాయి (ఇంటిపేరుతో పూర్తి పేరు), ఫలానా రెజిమెంటు. 1971 డిసెంబరు ఫలానా తేదీన, ఫలానా చోట, దేశం కోసం ప్రాణాలర్పించారు.’ పాత వీరగల్లులు చెప్పినదీ ఇంతే కదా, ఎవరు, ఏ పోరులో పడ్డారు అని. విశేషణాల కన్నా ఊరిపేరు, తేదీ ఎక్కువ చెప్తాయి.

‘షహీద్’ ఒడియా వైపు ఉండనివ్వండి, అది అక్కడ నలిగిన మాటే. తెలుగులో ‘అమరవీరుడు’ చాలు, మాటకు మాట అతకనక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో సైన్యం ‘మార్టిర్’ అనే ఇంగ్లిషు మాట వాడవద్దని తన విభాగాలకు రాసింది. మతాన్ని వదులుకోక ప్రాణం పోగొట్టుకున్నవాడన్న అర్థం దానికి ఉండడం కారణం. మన ‘అమరుడు’కు ఆ చిక్కు లేదు, పైగా ఇది మీ ఇంటి రాయి.

వర్ధంతి నిక్షేపంగా అనవచ్చు. కన్నడంలో అది పుట్టినరోజు; తెలుగులో పోయిన రోజుగానే స్థిరపడింది. ఒడియా వైపు మాత్రం ‘శ్రాద్ధవార్షికి’ అనండి. లెక్క దగ్గర జాగ్రత్త: మొదటి వర్ధంతి 1972 డిసెంబరులో, 50వది 2021లో. పోయిన రోజునే ఒకటిగా లెక్కపెడితే ఏడాది ముందుకు జరుగుతుంది. ఇంట్లో పెట్టే తద్దినం తిథి ప్రకారం, ఊరు చేసే వర్ధంతి తేదీ ప్రకారం. రెండూ ఒకే రోజు పడనక్కర్లేదు.

పేరు విషయంలో ఒడియా వైపు నుంచి తెలుగులోకి దింపుకోకండి. ఒడియాలో ఎ–ఏ, ఒ–ఓ తేడా రాతలో లేదు, వకారం తరచు బకారమవుతుంది. అలా దింపితే వెంకటేశు ‘బెంకటేశు’ అయి కూర్చుంటాడు.

చెక్కేవారికి తెలుగు రాకపోతే వాట్సాప్‌లో అక్షరాలు పంపవద్దు. వారి కంప్యూటరులో తెలుగు అమరకపోతే ‘స్మారక’ కాస్తా ‘స్‌మారక’గా విడిపోతుంది. డీటీపీ చేసేచోట అక్షరాలను గీతలుగా మార్పించి, పీడీఎఫ్‌గా ఇవ్వండి. ద వత్తుకూ ధ వత్తుకూ తేడా ఒక్క చిన్న గీత, అందుకని అక్షరం రెండంగుళాలకు తగ్గనివ్వకండి. ఉలి పడకముందే, రాతి మీద గీసిన నమూనాను తెలుగు చదవగలిగినవారు ఒక్కొక్క అక్షరం వేలుపెట్టి సరిచూడాలి.