పదకొండు సంఘాలు, ఒకే క్యాలెండర్

ప్రశ్న: నమస్తే మేడమ్. మా నరసరావుపేటలో చిన్నా చితకా కలిపి పదకొండు సేవా గ్రూపులున్నాయండి. రక్తం ఇప్పించేవాళ్లు, ఫ్రీజర్ బాక్స్ ఉచితంగా ఇచ్చేవాళ్లు, ఎండాకాలం చలివేంద్రం పెట్టేవాళ్లు, ఆస్పత్రి దగ్గర మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు. ఎవరికి వారే యమునా తీరే. ఫిబ్రవరిలో ఒకే ఆదివారం రెండు గ్రూపులు రక్తదాన శిబిరాలు పెట్టాయి, తీరా ఏప్రిల్ మొదట్లో ఒక తలసేమియా పాపకి రక్తం కావాలని వాళ్ల నాన్న ఫోన్ చేస్తే రెండు గ్రూపుల్లో కలిపి ఒక్కళ్లు దొరకలేదు. అందరికీ కలిపి ఒక సమాఖ్య ఉంటే బాగుంటుందని మేం కొంతమందిమి అనుకుంటున్నాం. ముందు రిజిస్ట్రేషన్ అని కొందరు, ముందు ప్రెసిడెంట్ ఎవరో తేల్చమని కొందరు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: నమస్తే అండి. రిజిస్ట్రేషనూ వద్దు, ప్రెసిడెంటూ వద్దు, ఆ పాప దగ్గర మొదలుపెట్టండి.

ఒకసారి లెక్క చూడండి. ఒకసారి రక్తం ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లయితే 120 రోజులు. తీసిన రక్తం ఏమో నిల్వ ఉండేది 35 రోజులు, ఇంకాస్త నిల్వ ఉంచే ద్రావణం కలిపితే 42 రోజులు, ప్లేట్‌లెట్లయితే అయిదే రోజులు. అంటే ఫిబ్రవరిలో ఒకేరోజు ఊళ్లో కుర్రాళ్లందరూ ఇచ్చేసిన రక్తం ఏప్రిల్‌కి దాదాపుగా వాడటానికి మిగలదు, ఇచ్చిన కుర్రాళ్లు మే దాకా మళ్లీ ఇవ్వలేరు. ఆ పాపకేమో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మీ రెండు గ్రూపుల్లో ఎవరూ తప్పు చేయలేదండి, ఇద్దరూ మంచిపనే చేశారు, కాకపోతే ఒకరి తేదీ ఇంకొకరికి తెలీదు అంతే. ఆ తేదీలు చెప్పుకునే చోటు ఒకటి ఉండటం, నా దృష్టిలో సమాఖ్య అంటే మొట్టమొదట అదే.

అందుకని మొదటి మీటింగుకి ఒక క్యాలెండర్ పట్టుకెళ్లండి, నెలకి ఏ వారం ఎవరి శిబిరమో రాసుకోండి, ముఖ్యంగా కాలేజీలకి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలలకి, ఎందుకంటే దాతలు కరువయ్యేది అప్పుడే. దాతల ఫోన్ నంబర్లు మాత్రం ఒకచోట పోగేయొద్దు. మా దాతల్ని వాళ్లు లాగేసుకుంటారనే భయం ప్రతి గ్రూపుకీ ఉంటుంది, పైగా దాతలు నంబర్ ఇచ్చింది ఆ ఒక్క గ్రూపుని నమ్మి. ఏ బ్లడ్ గ్రూపు వాళ్లు ఎంతమంది, ఇవాళ్టికి ఇవ్వగలిగేవాళ్లు అందులో ఎంతమంది, ఈ రెండు అంకెలు చెప్పుకుంటే చాలు. ఫ్రీజర్ బాక్సులకీ ఇంతే, ఏది ఎవరింటి దగ్గరుంది, ఏది రిపేర్లో ఉంది అన్నది ఒక్క వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున పెడితే రాత్రి రెండింటికి ఇంట్లో శవాన్ని పెట్టుకుని పది ఫోన్లు చేసే బాధ ఒక కుటుంబానికి తప్పుతుంది.

ఇక సమాఖ్య ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదండి, మన పల్లెల్లో డ్వాక్రా అక్కచెల్లెళ్లు చేసి చూపించిందే ఉంది. ఈ సమాఖ్యల పద్ధతి 1990ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మొదలై, 2000లో ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ వచ్చాక రాష్ట్రమంతా పాకింది. పది పదిహేనుమంది కలిసి ఒక సంఘం, ఊళ్లో సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. పొదుపు చేసేది కింద సంఘమే, సమాఖ్య వాళ్ల పొదుపు తను చేయదు. లెక్కలు రాయించడం, ట్రైనింగ్ ఇప్పించడం, బ్యాంకుతో మాట్లాడటం, అంటే ఒక్క సంఘం వల్ల కానివి మాత్రమే సమాఖ్య చేస్తుంది. వీలైతే మీ దగ్గర్లోని గ్రామ సమాఖ్యలో పుస్తకాలు రాసే యానిమేటర్ దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చోండి, ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ అంత బాగా చెప్పదు.

నేనూ ఒకప్పుడు ఇలాంటి ప్రయత్నంలో ఉన్నాను, మాది ఏడాదిలోపే చెదిరిపోయింది. ఎందుకంటే సమాఖ్య తన పేరు మీద తనే శిబిరాలు పెట్టడం మొదలుపెట్టింది, ఫ్లెక్సీలో పైన సమాఖ్య పేరు పెద్దగా, నిజంగా ఎండలో తిరిగి మనుషుల్ని తెచ్చిన కుర్రాళ్ల గ్రూపు పేరు అడుగున చిన్నగా. ఆ కుర్రాళ్ల మొహాలు నాకింకా గుర్తే, ఆ రోజు నేను నోరు తెరిచి వద్దని ఉండాల్సింది. అందుకే మీకు గట్టిగా చెప్తున్నా, సభ్య సంఘం చేస్తున్న పని సమాఖ్య చేయకూడదు, సభ్య సంఘానికి విరాళమిచ్చే షాపు దగ్గరికి సమాఖ్య రసీదు పుస్తకంతో వెళ్లకూడదు. ఈ రెండూ మొదటి తీర్మానంలోనే రాసి మినిట్స్ బుక్కులో అందరితో సంతకాలు చేయించండి. ఓటు కూడా సంఘానికి ఒకటే, రెండొందల మంది ఉన్నా ఆరుగురే ఉన్నా. ఏడాదిపాటు ప్రెసిడెంట్ అనే మాటే లేకుండా మూడు నెలలకొకరు కన్వీనర్‌గా చేయండి, ఎవరికి ఓపికుందో దానంతటదే తేలుతుంది.

ప్రశ్న: మరి రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఎలా?

జవాబు: ఏడాది కలిసి పనిచేశాక. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర మెమోరాండం (సంఘం ఉద్దేశాల పత్రం), బైలాస్ (నియమావళి) ఇచ్చి చేయించుకోవచ్చు, తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది. బైలాస్ మాత్రం ఎవరివో కాపీ కొట్టించొద్దు. ఒక సంఘం బయటికెళ్లాలంటే ఎలా, కార్యవర్గం ఎన్నేళ్లకి మారాలి, సమాఖ్య మూతపడితే మిగిలిన ఆస్తి అలాంటి పనే చేసే ఇంకో సంస్థకే వెళ్లాలి, ఇవి మీరే కూర్చుని రాసుకోండి. ఆ చివరిది సంస్థకీ, దాతలకీ పన్ను మినహాయింపు కోసం (12ఏ, 80జీ అని పిలిచేవి) అప్లై చేసినప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా చూస్తారు. ప్రతి ఏడూ జనరల్ బాడీ పెట్టడం, కార్యవర్గం లిస్టు రిజిస్ట్రార్‌కి ఇవ్వడం మర్చిపోవద్దు, చాలా సంఘాలు కాగితం మీద చచ్చిపోయేది ఇక్కడే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా ఊరి అబ్బాయి సమాఖ్యకి డబ్బు పంపుతానంటున్నాడు, మేం పదకొండు సంఘాలకి పంచుకోవచ్చా?

జవాబు: ఇక్కడ జాగ్రత్తండి. ఆ అబ్బాయికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదనలోంచి మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడానికి వీల్లేదు, ఆ రెండో సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా కూడా. అంటే విదేశాల నుంచి తెచ్చి పదకొండు సంఘాలకి పంచే సమాఖ్య అనే ఆలోచన ఇప్పుడు కుదరదు. కంపెనీలు సమాజసేవకి ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ డబ్బుకి కూడా మామూలుగా మూడేళ్లు పనిచేసిన చరిత్ర అడుగుతారు.

కాబట్టి మొదటి మూడేళ్లూ మీ సభ్యత్వ రుసుము మీదే బతకండి. సంఘానికి నెలకి 200 అనుకున్నా 2,200 అవుతుంది, పుస్తకాలు రాసే ఒక చదువుకునే అమ్మాయికి చిన్న గౌరవ వేతనం, ఫోన్ రీచార్జీ అందులో గడుస్తాయి. ఆ అబ్బాయి మాటకొస్తే, పంపే వీలుంటే ఫ్రీజర్ బాక్స్ గ్రూపుకే నేరుగా పంపమనండి, వాళ్ల రసీదు వాళ్లే ఇస్తారు.