బ్యాటరీ పోయిన రెయిడ్ కార్డుకి బలవంతంగా రైట్ బ్యాక్ పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది బంగారుపాళ్యం దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ, నేను అకౌంట్స్ చూస్తా ఉంటాను. సర్వర్లో ఎల్ఎస్ఐ 9261 రెయిడ్ కార్డు (డిస్కులన్నిట్నీ కలిపి ఒకటిగా నడిపేది), నాలుగు హార్డ్ డిస్కులు రెయిడ్ 5లో ఉండాయి. పోయిన సీజన్లో బాగానే ఉండె, ఈసారి తోతాపురి లోడ్లు మొదలైనప్పట్నించి ట్యాలీలో బిల్లు సేవ్ అయ్యేదానికి చానాసేపు పడతా ఉంది, రిపోర్టులు మాత్రం మామూలుగానే ఓపెన్ అవతాయి. సిస్టమ్స్ చూసే అబ్బాయి 'ఆల్వేస్ రైట్ బ్యాక్' పెడితే స్పీడ్ వచ్చేస్తాది, యూపీఎస్ ఉంది కదా అంటా ఉన్నాడు. పెట్టించేదా వద్దా?
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: వద్దండి. చదవడం మామూలుగా ఉండి రాయడం ఒక్కటే నెమ్మదించిందంటే నాకు మొదటి అనుమానం ఆ కార్డు మీదున్న బ్యాటరీ మీదే.

మీ కార్డులో 512 ఎంబీ క్యాష్, అంటే డేటాని కాసేపు పెట్టుకునే మెమరీ, ఉంటుంది. రైట్ బ్యాక్‌లో ఉంటే డేటా ఆ క్యాష్‌లోకి రాగానే 'రాసేశా' అని విండోస్‌కి చెప్పేస్తుంది, డిస్కుల మీదకి తర్వాత తీరిగ్గా దించుకుంటుంది, మీ గేటు దగ్గర లోడు దింపకముందే చీటీ చేతిలో పెట్టేసినట్టు అన్నమాట. ఆ మధ్యలో కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నదాన్ని బ్యాటరీ రెండు మూడు రోజులు కాపాడుతుంది, కరెంటొచ్చాక కార్డే దాన్ని డిస్కుల మీదకి రాసేస్తుంది. బ్యాటరీ చచ్చిపోతే కార్డు తనంతట తానే రైట్ త్రూకి పోతుంది, అంటే డిస్కు మీద పడేదాకా 'అయింది' అనదు. రెయిడ్ 5లో చిన్న ఎంట్రీ రాయాలన్నా పాత డేటా చదివి, పాత ప్యారిటీ (ఒక డిస్కు పోయినా డేటా తిరిగి రాబట్టుకోడానికి ఉంచే లెక్క) చదివి, రెండూ కొత్తగా రాయాలి, ఒక రాతకి నాలుగు పనులు, మీ బిల్లు ఆగేది అక్కడే.

కార్డు సెట్టింగులు చూపించే మెగారెయిడ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి క్యాష్ పాలసీ చూడండి. డిఫాల్ట్ (మామూలుగా ఉండాల్సింది) అని ఉన్న చోట రైట్ బ్యాక్, కరెంట్ (ఇప్పుడు నడుస్తున్నది) అని ఉన్న చోట రైట్ త్రూ కనిపిస్తే ఇక డౌటే లేదు, అక్కడే బ్యాటరీ స్టేటస్ కూడా ఉంటుంది చూస్కోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అప్పుడప్పుడు కొన్ని గంటలు నెమ్మదించి దానంతటదే సర్దుకుంటే అది లర్న్ సైకిల్, బ్యాటరీని ఖాళీ చేసి మళ్ళీ నింపుకుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు, లోడ్లు లేని రోజుకి మార్చుకుంటే చాలు.

ఆల్వేస్ రైట్ బ్యాక్ అంటే బ్యాటరీ లేకపోయినా చీటీ ఇచ్చేయ్ అని చెప్పడమే. యూపీఎస్ కాపాడేది లైన్ కరెంటు పోయినప్పుడు. సర్వర్ లోపల పవర్ సప్లై కాలిపోతేనో, బోర్డు పోతేనో, ఎవరో కాలు తగిలి వైరు ఊడితేనో అది చేసేదేం లేదు. అప్పుడు పోయేది చివరి బిల్లు ఒక్కటే అనుకోకండి, ఫైల్ సిస్టమే చెడిపోవచ్చు, ట్యాలీలో రీరైట్ (డేటా రిపేర్) కొట్టినా రాకపోవచ్చు. రైతులకి ఇవ్వాల్సిన లెక్కలు ఉన్న సర్వర్‌తో ఆ జూదం ఎందుకండీ. డిస్కుల సొంత క్యాష్ కూడా ఆఫ్‌లో ఉంచండి, దానికి కార్డు బ్యాటరీ కాపలా ఉండదు.

బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీదున్న పార్ట్ నంబర్ ఫొటో తీసుకుని పోండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికినా తయారైన తేదీ చూడకుండా తీసుకోవద్దు, లిథియం బ్యాటరీ వాడకపోయినా అరలోనే ముసలిదైపోతుంది. బ్యాకప్ తీసుకుని, సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి మార్పించండి, ఛార్జ్ అయ్యాక డిఫాల్ట్ రైట్ బ్యాకే కాబట్టి అదే వెనక్కొస్తుంది. అప్పటిదాకా నెమ్మదిగానే కానివ్వండి.

ప్రశ్న: తిరుపతిలో పెళ్ళి వీడియోల స్టూడియో మాది. ఎస్ఎస్‌డీలు ఒక అర్రే (కలిపి కట్టిన డిస్కుల గుంపు), హార్డ్ డిస్కులు ఒక అర్రే. రెండిటికీ రెయిడ్ కార్డులో ఒకే క్యాష్ సెట్టింగ్ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఎస్ఎస్‌డీలకి మామూలుగా రైట్ త్రూ, నో రీడ్ అహెడ్ (అడగబోయేది ముందే చదివి పెట్టుకోకపోవడం), డైరెక్ట్ ఐఓ (చదివింది క్యాష్‌లో దాచుకోకపోవడం) పెడతారు, అవే అంత స్పీడు కాబట్టి మధ్యలో క్యాష్ ఉంటే ఒక్కోసారి అడ్డమే. వీడియో ఫైళ్ళుండే హార్డ్ డిస్కులకి రీడ్ అహెడ్ ఆన్ చేయండి, పెద్ద ఫైలు వరసగా చదివేటప్పుడు బాగా పనికొస్తుంది, బ్యాటరీ బాగుంటే రైట్ బ్యాక్ కూడా. స్ట్రైప్ సైజు (ఒక్కో డిస్కు మీద ఒకసారికి రాసే ముక్క సైజు) 256 కేబీ పెట్టాలనుకుంటే అర్రే కట్టేటప్పుడే పెట్టేయండి, చాలా కార్డుల్లో తర్వాత మార్చాలంటే మొత్తం చెరిపేసి మళ్ళీ కట్టుకోవాల్సిందే.